తాళ్ళలా వేలాడే కాక్టస్: మట్టి తడిగానే ఉంది, కాడలు మాత్రం ముడుచుకుపోతున్నాయి. ఏటి చేయాలి?

దారంఉండ (శ్రీకాకుళం), ఆగస్టు రెండో వారం

అందరికీ నమస్కారం. నేను కుట్టు మిషన్ మీద బతికేదాన్ని, మొక్కల శాస్త్రం తెలీదు. తప్పుగా రాస్తే సరిదిద్దండి.

మార్చిలో రాజమండ్రి పెళ్ళికి వెళ్ళొస్తూ దారిలో ఒక నర్సరీ దగ్గర ఆగాం. అందరూ గులాబీలు, మల్లెలు చూస్తున్నారు. నా కళ్ళు మాత్రం ఒక మూల వేలాడుతున్న కుండీ మీద పడ్డాయి. ఆకుల్లేవు, ముళ్ళు లేవు. లంగా బొందు లావు కాడలు, ఒక్కో కాడ చివర మళ్ళీ రెండు మూడుగా చీలి, అన్నీ కిందకి జారి, చిక్కుపడిన ఆకుపచ్చ దారం ఉండలా ఉంది. మన వైపు ఎవరింట్లోనూ చూడలేదు. మూడువందల యాభై అన్నాడు, మూడువందలకిచ్చాడు. పేరు అడిగితే "రిప్సాలిస్, కాక్టస్ అమ్మా. ఎండలో పడీ, పదిహేను రోజులకో గ్లాసుడు నీళ్ళు పొయ్, మరి చూడక్కర్లేదు" అన్నాడు.

సరే అని మేడ మీద పెట్టాను. ఏప్రిల్ ఆఖరికి కాడలు ఇటుక రంగుకి తిరిగాయి. రంగు మారితే అందంగానే ఉంది అనుకున్నాను, నా తెలివి అంతే. మే నెల పడమటి గాలికి నిలువునా ముడతలు పడ్డాయి. అప్పుడు భయమేసి కిందకి దించి, ఉత్తరం వైపు వరండాలో నీడకి మార్చాను. కుండీ చిన్నదైపోయిందేమోనని పెద్ద కుండీ కొని, ఎర్రమట్టీ పశువుల గెత్తమూ కలిపి మళ్ళీ నాటాను. రోజూ పొద్దున్నే చెంబుడు బోరు నీళ్ళు. జులైలో ముసురు పట్టినన్నాళ్ళూ చూరు కిందే ఉంది, జల్లు కూడా కొట్టింది.

ఇప్పుడు మట్టి ఎప్పుడు ముట్టుకున్నా తడే. కాడలు మాత్రం ఎండకి ఉన్నప్పటికన్నా ఘోరంగా ఉన్నాయి. నిన్న ఒకటి పట్టుకుంటే మొదలు నుంచి ఊడి చేతికొచ్చింది. మొదట్లో తోలు నానబెట్టిన పప్పు పొట్టులా జారిపోయి, లోపల దారంలాంటి నార ఒక్కటే మిగిలింది. ఇంకా పచ్చగా ఉన్నవి లెక్కపెడితే పదకొండు కాడలు, పెద్దది జానెడుంటుంది.

నీళ్ళున్నా ఎందుకు ఎండుతోంది? ఈ పదకొండైనా బతుకుతాయా? ఇంకోటి. మా అత్తగారు మొదటి రోజునుంచీ "ఇది బదనికే. మామిడిచెట్టుని తినేసే బదనికని డబ్బిచ్చి కొనుక్కొచ్చి గుమ్మానికేలాడదీసినావేటే" అంటోంది. అదేమన్నా నిజమా?

ఎడారిపువ్వు (విశాఖపట్నం)

నీళ్ళు ఎక్కువైపోయాయండీ, అంతే. కాక్టస్‌కి రోజూ చెంబుడేమిటి! మళ్ళీ మేడ ఎక్కించి నెల రోజులు నీళ్ళు ఆపేయండి. నా దగ్గర ఇలా సన్నగా పుల్లల్లా ఉండేదే ఒకటుంది, నడి ఎండలో రాయిలా ఉంటుంది.

దారంఉండ

మేడ మీద పెట్టే కదండీ ఇంతదాకా వచ్చింది. మళ్ళీ ఎక్కించడానికి మనసొప్పట్లేదు.

మూడులాంతర్లు (విజయనగరం)

అమ్మా, మేడ ఎక్కించకండి. ముందు ఒక పని చేయండి. పచ్చగా ఉన్న కాడ కొస గోరంత కత్తిరించి చూడండి. తెల్లటి పాలు కారితే అది కాడజెముడు, కాక్టస్ కుటుంబమే కాదు. పైవారు చెప్పిన నడి ఎండ పుల్లల మొక్క అదేనని నా అనుమానం. దాని పాలు కంట్లో పడితే మంటలెత్తిపోతుంది, కోసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి. పాలు రాకుండా ఉత్త నీటి చెమ్మే కనిపిస్తే మీది రిప్సాలిసే. బొందు లావు, ముళ్ళు లేవు, కొసన చీలికలు అంటున్నారు కాబట్టి రిప్సాలిస్ బాక్సిఫెరా అయ్యుంటుంది.

కాక్టస్ అనగానే మనకి చెరువుగట్టు మీద నాగజెముడు కళ్ళలో మెదుల్తుంది. మీ వీధిలో ఎవరింట్లోనో బ్రహ్మకమలం ఉండే ఉంటుంది, అర్ధరాత్రి పూస్తే అందర్నీ లేపి చూపిస్తారే, అదీ కాక్టసే. ఆకులా కనిపించేది దాని కాడ. డ్రాగన్ ఫ్రూట్ కూడా ఈ బాపతే. ఇవి ఇసకలో పుట్టినవి కావు. అమెరికా ఖండాల వేడి, తేమ అడవుల్లో చెట్లని పట్టుకుని పెరిగినవి. మీ రిప్సాలిస్ అయితే కొమ్మ చీలిన సందులో రాలిన ఆకూ, నాచూ పోగుపడితే అందులో వేరు పెట్టి కిందకి వేలాడుతుంది. పైన ఆకుల గొడుగు ఉంటుంది కాబట్టి సూటి ఎండ తగలదు, చిల్లుల్లోంచి పడే ముక్క ఎండే దాని వాటా. వాన పడితే ఒళ్ళంతా తడుస్తుంది, కాసేపటికి గాలికి ఆరిపోతుంది. కొమ్మ మీద ఉన్న మొక్క వేరు మీ ఎర్రమట్టిలాంటిదాన్ని పుట్టి ఎరగదు.

అందుకే మీ ఇంట్లో రెండు రకాల దెబ్బలు తింది. మేడ మీద వెలుగు ఎక్కువై ఎర్రబడింది, అది అందం కాదు, దాని గోల. కింద ఎర్రమట్టి వానకి ముద్దయిపోయి వేరుకి గాలి ఆడలేదు. గాలి అందని వేరు కుళ్ళుతుంది. వేరు కుళ్ళాక పక్కన చెరువున్నా తాగడానికి నోరు లేదు, కాడలో ఉన్న నీరే ఖర్చయి ముడుచుకుంటుంది. ముడత చూసి మీరు దాహమనుకుని ఇంకో చెంబు పోశారు. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు, నేనూ అదే చేసి ఒకటి పోగొట్టుకున్నాను. రెండోదాన్ని మా జిరాక్స్ షాపు ముందు రేకుకి వేలాడదీశాను. చుక్క ఎండ తగల్లేదు, మే నెల రేకు వేడికే మూడ్రోజుల్లో ఉడికిపోయింది. మూడోది ఇంటి వెనక సపోటా చెట్టుకి కట్టాను, ఆరేళ్ళయింది, ఇప్పుడు నా ఛాతీ ఎత్తు నుంచి నేలని తాకుతోంది.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. ఆవిడ కన్ను మంచిది. ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని బదనిక కాక్టస్ అనే పిలుస్తారు. పూత చిన్నది, తెల్లగా గోరంత ఉంటుంది. ఆ తర్వాత కాసే కాయ ముత్యంలా తెల్లగా, లోపల బదనిక పండులాగే జిగురు. పిట్ట తింటుంది, జిగురు గింజ ఇంకో కొమ్మకి అంటుకుంటుంది, అక్కడే మొలుస్తుంది. ప్రయాణం ఒకటే గానీ బుద్ధి వేరు. బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం పీలుస్తుంది. ఇది కొమ్మ మీద కూర్చుంటుంది, అంతే. బస్సులో కూర్చున్నంత మాత్రాన డీజిల్ తాగినట్టు కాదు కదా. మామిడికేమీ కాదని చెప్పండి.

ఆ పిట్టల ప్రయాణం దగ్గరే పెద్ద తగువుంది. కాక్టస్‌లన్నీ పుట్టింది అమెరికా ఖండాల్లోనే. ఈ ఒక్క జాతి మాత్రం ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో, మన పక్కన శ్రీలంక అడవుల్లో కూడా దానంతటదే పెరుగుతోంది. సముద్రం ఎలా దాటింది? పక్షులు మోసుకొచ్చాయని కొందరు, ఓడలవాళ్ళు తెచ్చారని కొందరు. ఇంకా తేలలేదు. రిప్సాలిస్ అన్న పేరు 1788లో గార్ట్నర్ అనే జర్మన్ పండితుడు పెట్టాడు. గ్రీకులో తడిక, బుట్ట అల్లిక అనే అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నాడు. ఆయనకి తడిక కనిపించింది, మీకు దారం ఉండ కనిపించింది.

ఇక పని. కుండీ మొత్తం బోర్లించేయండి, ఆ మట్టి గులాబీకి వాడుకోండి. పదకొండు కాడలూ గోధుమ రంగు ఉన్న చోటికి రెండు వేళ్ళ పైన కోయండి. కోత మధ్యలో చూడండి. నార చుట్టూ కూడా తెలుపో పచ్చో ఉండాలి. గోధుమ చుక్క కనిపిస్తే ఇంకొంచెం పైకి కోయండి, జాలి పడొద్దు. కత్తెర ప్రతి కోతకీ తుడవండి. మీరు టైలరు కాబట్టి కత్తెర పదునుకి లోటుండదు. ఏ కొస అడుగో గుర్తు పెట్టుకోండి, కోశాక రెండు వైపులా ఒకేలా ఉంటాయి. నీడలో పేపరు మీద రెండు మూడు రోజులు ఆరనివ్వండి, కోత మీద పొర కట్టాలి. బొమ్మజెముడు కొమ్మలా వారాలు ఆరబెడితే మాత్రం ఇంత సన్నటివి పోతాయి.

కుండీ చిన్నది, జానెడు నోరుకి మించొద్దు. మట్టి వద్దు. కొబ్బరి డొక్క ముక్కలు సగం, మిగతా సగంలో బొగ్గు ముక్కలు, బంగాళాపెంకు చితక్కొట్టినవి, గుప్పెడు చివికిన ఆకు. కాడలన్నీ ఒకే చోట గుత్తిగా, అంగుళం లోతున గుచ్చండి. మొదటి నాలుగైదు రోజులు నీళ్ళు లేవు. తర్వాత సాయంత్రం పూట పైపైన చిలకరించండి. మూడు నాలుగు వారాల్లో కాడ మెల్లగా లాగితే పట్టుకున్నట్టుంటుంది, అప్పుడు వేరొచ్చినట్టు. ఆ మీదట నీళ్ళు పోస్తే అడుగునుంచి కారేలా పోయాలి, పైన వేలు పెడితే ఆరినట్టు అనిపించేదాకా మళ్ళీ ముట్టుకోకూడదు. కింద పళ్ళెం పెట్టకండి.

మీ వరండా ఉత్తరం వైపు కాబట్టి అదే మంచి చోటు. పొద్దున్న ఏడింటి ఎండ వచ్చినా పర్లేదు. బోరు నీళ్ళు కుండీ అంచుకి తెల్లగా పొర కట్టేవైతే మానేయండి. ఇది వాన నీళ్ళ మొక్క. వానాకాలం బిందెలు పట్టి దాచండి, ఏసీ నీళ్ళు కూడా నేను పోస్తాను.

కొబ్బరినీడ (కవిటి)

అప్పా, డొక్క ముక్కల గురించి ఒక్క మాట. ఇది మా ఉద్దానం సరుకు కాబట్టి చెప్తన్నాను. కొత్త డొక్క తెచ్చి అలాగే కుండీలో పోసీకండి. అందులో ఉప్పు ఉంటుంది, రంగు కారుతుంది. ఉప్పు నీటిలో ఊరేసిన పీచైతే మరీను. ముక్కలు బొటనవేలి గోరంత కోసి బకెట్లో నానబెట్టండి. మొదటి రోజు నీళ్ళు డికాక్షన్‌లా దిగుతాయి. పారబోసి మళ్ళీ పొయ్యండి. ఇలా నాలుగైదు సార్లు, నీళ్ళు లేత టీ రంగుకి వచ్చేదాకా. బజార్లో ఇటుకల్లా అమ్మే మెత్తటి కొబ్బరి పొట్టు ఒక్కటే వేసినా మీ ఎర్రమట్టి కథే మళ్ళీ, అది పిండినా నీళ్ళొదలదు.

నీడ అంటే ఏటో నాకు తిత్లీ తుఫాను నేర్పింది. 2018 అక్టోబరులో. అంతవరకు మా తోటలో కొబ్బరి కింద జీడి, జీడి కింద ఏది పెట్టినా బతికేది. వరండాకి రెండు బ్రహ్మకమలాలు, ఒక రిప్సాలిస్, మా చెల్లి ఇచ్చిన ఆర్కిడ్డు. గాలివానకి అవి ఒక్కటీ పోలేదు, గోడ మూల దాక్కున్నాయి. తెల్లారి చూస్తే చెట్లు లేవు. ఎప్పుడూ లేనిది వంటగదిలోకి ఎండ వచ్చింది. చెట్లు పోయిన ఏడుపులో మొక్కల సంగతి ఎవరికి పడుతుంది. పది రోజులకి చూద్దును కదా, బ్రహ్మకమలం కాడలు కాగితంలా తెల్లబోయాయి, రిప్సాలిస్ మీరన్నట్టే ఇటుక రంగు. చెట్టు కింద బతికినదానికి చెట్టు తీసేస్తే ఆ చోటు ఆ చోటు కాదు. పాత నేత చీర రెండు మడతలేసి పందిరి కడితే, రిప్సాలిస్ ఒక్కటే తేరుకుంది. మీకూ వచ్చే మార్చికి ఇంట్లో పాత చీర ఉంటే చాలు, ఆకుపచ్చ నెట్టు కొనక్కర్లేదు.

ఎడారిపువ్వు

ఇందాక నా మొక్క కొస కోసి చూశాను. పాలే! నాలుగేళ్ళుగా కాక్టస్ అనుకుంటున్నాను. మేడం, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిడ్యూటీ (బొబ్బిలి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇదే మొక్క, నీడలోనే ఉంది, బాగానే ఉంది. కానీ కాడ చీలే చోట్ల తెల్లటి దూది పింజల్లా కనిపిస్తున్నాయి. కాడల మీద అక్కడక్కడా సన్నటి తెల్ల చుక్కలు కూడా ఉన్నాయి. రెండూ ఒకటేనా?

మూడులాంతర్లు

కాదండీ. కాడ పొడుగునా దూరదూరంగా ఉండే సన్న చుక్కలు దాని పుట్టుక. మామూలు కాక్టస్‌కి ముళ్ళు లేచే చోట్లే అవి, దీనికి పూత అక్కడినుంచే వస్తుంది. గోకకండి. చీలిక సందుల్లో దూది మాత్రం పిండినల్లి. మందారానికి పట్టేదే. మీది ఆసుపత్రి డ్యూటీ అని పేరు చూసి అనుకుంటున్నాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో సందు సందూ అద్దండి, నాలుగు రోజులకోసారి, మూడు నాలుగు సార్లు. ఎండ లేని వేళ. పక్క మొక్కల్ని కూడా చూడండి, ఒక్కదాంట్లో ఉండే పురుగు కాదది. ఎరువు ఎక్కువేస్తున్నారా? లేత కాడ జోరుగా వస్తే పిండినల్లికి పండగ. నేను 19-19-19 పొడి లీటరుకి చిటికెడు కలిపి నెలకోసారి, అదీ వానల్లోనే పోస్తాను.

రాత్రిడ్యూటీ

వారం వారం వేస్తున్నానండీ. ఆపేస్తాను.

దారంఉండ, అక్టోబరు మొదటి వారం

ఇన్నాళ్ళూ రాయనందుకు క్షమించండి. దసరా బ్లౌజులు మీద పడ్డాయి, రాత్రి పన్నెండింటిదాకా మిషనే.

పాలు రాలేదు. రిప్సాలిసే. కుండీ బోర్లిస్తే వేరన్నది నాలుగు నల్లటి పోగులే, వాసన కూడా వచ్చింది. కోసేటప్పుడు మూడులాంతర్లు గారు చెప్పింది గుర్తుంది, జాలి పడలేదు. రెండింటికి మధ్యలో గోధుమ చుక్క పైదాకా ఉంది, అవి పోయాయి. తొమ్మిది మిగిలాయి. బెత్తెడు కన్నా పెద్దది ఒక్కటీ లేదు.

కవిటి అప్ప చెప్పినట్టు డొక్క నానబెట్టాను. మొదటి నీళ్ళు చూసి మా గుంటలు టీ అనుకున్నారు. ఆరోసారికి తేరింది. ఇస్త్రీ బొగ్గులు ఇంట్లోనే ఉన్నాయి, పెంకులు పక్కవాళ్ళ పాత ఇంటి కుప్ప నుంచి ఏరుకున్నాను. మూడు వారాలు ఏమీ అవలేదు. కాడలు ముడతలతో అలాగే, చావలేదు, బతకలేదు. రోజూ సాయంత్రం బట్టలకి నీళ్ళు చిలకరించే బుడ్డితోనే చిలకరించాను, పెంకుటి చూరు కింద పట్టిన వాన నీళ్ళు. నాలుగో వారం ఒకటి మెల్లగా లాగి చూశాను. వదల్లేదు. మిషన్ దగ్గరకొచ్చి కూర్చున్నా చేతిలో ఆ పట్టు తెలుస్తూనే ఉంది. కుట్టు గట్టిగా పడిందో లేదో గుడ్డ లాగి చూస్తే తెలుస్తుందే, అలాగ.

ఇప్పుడు తొమ్మిదిట్లో ఏడు నిండుకున్నాయి, ముడతలు లేవు. అయిదింటికి కొసల్లో లేత చీలికలు వచ్చాయి, సన్న సేమ్యా అంత. లేత వాటి మీద మెత్తటి నూగులాంటి వెంట్రుకలున్నాయి, అవి పురుగు కాదు కదా? మెరుస్తున్నాయి, కదలట్లేదు.

అత్తగారికి మామిడి సంగతి చదివి వినిపించాను. బస్సు, డీజిల్ మాటకి నవ్వింది గానీ ఒప్పుకోలేదు. "కాయ కాసినాక సూద్దాం" అంది. కుండీ మాత్రం గుమ్మం నుంచి వరండా చివరికి మార్పించింది, అక్కడ గాలి బాగా ఆడుతోంది, మొక్కకి అదే మంచిదయింది.

ఒక చిక్కు మిగిలింది. అడుగు ఏదో మర్చిపోకూడదని కోసినప్పుడే ప్రతి ముక్కకీ ఒక కొసన ఎర్ర దారం చుట్టాను. మూడ్రోజులు ఆరబెట్టి నాటే వేళకి ఎర్ర దారం అడుక్కా పైకా అన్నది మర్చిపోయాను. ముగ్గురం మూడు మాటలన్నాం. ఆఖరికి దారం పైకి పెట్టి నాటేశాను. నిండుకోని రెండూ తలకిందులైపోయాయేమోనని అనుమానం. పీకి తిప్పమంటారా?

మూడులాంతర్లు

వెంట్రుకలు పురుగు కాదు, లేత కాడకి అలాగే వస్తాయి, ముదిరితే రాలిపోతాయి. పీకకండి. ఏడు బతికాయంటే దారం పైకి అన్నదే సరి, లేదా వాటికి పట్టింపు లేదు. ఆ రెండూ పచ్చగా ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి. దారాలు మాత్రం ఇవాళే విప్పేయండి, కాడ లావెక్కితే అక్కడ కోసుకుపోతుంది.